అంగారకుడి మీద ఖుర్షిదా

తూర్పుపాలెంలో ఖుర్షిదా మాటంటే ఊరందరికీ ఇష్టమే, నమ్మకం మాత్రం ఎవరికీ లేదు. గోరంత చూస్తే కొండంత చెప్పే మనిషి ఆమె. వాడరేవులో లారీ అంత చేప ఒడ్డుకి కొట్టుకొచ్చిందనీ, అది తనని చూసి కన్ను కొట్టిందనీ ఒకసారి చెప్పింది. చీరాల స్టేషన్లో తను పరిగెత్తుకు వస్తుంటే డ్రైవరు తల బయటికి పెట్టి, "నిదానంగా రామ్మా, నువ్వెక్కాకే కదులుద్ది బండి" అన్నాడని ఇంకోసారి చెప్పింది. అబద్ధం చెప్పి ఒకరి కొంప ముంచిన పాపం ఆమెకి లేదు. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఎండలో కూర్చుని మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళకి ఏదో ఒక కబురు కావాలి. ఆ కబురు చెప్పే పని దేవుడు తనకి అప్పగించాడని ఆమె అనుకునేది.

తొడిమలు తీసే ముఠాకి ఆమే మేస్త్రి. నల్లరేగడి మీద మిరప, పత్తి తప్ప ఇంకోటి పండించని ఆ వైపున, ఏ కల్లంలో కాయ ఆరబోసినా ముందు ఖుర్షిదాకి కబురు పెట్టేవాళ్ళు. నలభై దాటిన వయసు, గట్టి ఒళ్ళు, అంతకన్నా గట్టి గొంతు. మొగుడు ఆదాం దూదేకి పరుపులు కుట్టేవాడు. తాతల నాటి వృత్తి వాళ్ళది. స్పాంజి పరుపులొచ్చి ఆ పని సన్నగిల్లినా, ఊళ్ళ వెంట తిరగడం మాత్రం ఆయన మానలేదు. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండేవాడు. ఇద్దరికీ కలిపి ఇవ్వాల్సిన మాటలన్నీ దేవుడు ఒక్కరి నోట్లోనే పోశాడని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు.

రెండు వేల రెండో సంవత్సరం, మార్చి నెల. హైదరాబాదు నుంచి గోపాలకృష్ణ అనే డైరెక్టరు కారులో అటువైపు పోతున్నాడు. పిల్లల కోసం ఆదివారం పొద్దున వచ్చే 'ఆకాశ దారుల్లో' అనే టీవీ సీరియల్ ఆయనది. రాకెట్లలో తిరిగే మనుషుల కథ. త్వరలో రాబోయే ఒక ఎపిసోడ్లో వాళ్ళు అంగారక గ్రహం మీద దిగాలి. అక్కడ నేలంతా ఎర్రగా ఉండాలి. ఎర్రనేల కోసం ఎడారుల దాకా వెళ్ళొస్తానంటే నిర్మాత, "టీవీ సీరియల్ తీస్తున్నావా, తీర్థయాత్రలు చేస్తున్నావా?" అన్నాడట. ఏం చేయాలో పాలుపోక తిరుగుతున్న ఆ మనిషికి రోడ్డు పక్కన రైతు రోశయ్య మిరప కల్లం కనబడింది.

ఒక్క రోశయ్యదే కాదు. పక్క పక్క రైతులు నలుగురూ ఒకే బీడు నేలలో కాయ పోశారు. కంటికి ఆనినంత మేరా ఎరుపు. గోపాలకృష్ణ కారు దిగి, మోకాళ్ళ మీద కూలబడి, చెంప నేలకి ఆనించి, ఒంటికన్నుతో ఆ ఎరుపు ఆకాశాన్ని తాకే చోటుని చూస్తూ ఉండిపోయాడు. దూరం నుంచి చూసిన రోశయ్య, పాపం ఎవరికో మూర్ఛ వచ్చిందనుకుని, తాళంచెవుల గుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చి ఆయన చేతిలో కుక్కాడు. గోపాలకృష్ణ ఆ గుత్తిని అలాగే పట్టుకుని, "ఇదేనండీ అంగారకుడు!" అన్నాడు. మూర్ఛ కాదు, పిచ్చి అని రోశయ్య తేల్చుకున్నాడు.

సంగతి తెలిశాక రోశయ్య ఒప్పుకున్నాడు గానీ ఒక్క షరతు పెట్టాడు. "బాబూ, మీరు రాకెట్టు దింపుకుంటారో, రథమే దింపుకుంటారో నాకు అనవసరం. కాయ మాత్రం ఒక్కటి చిట్లకూడదు. చిట్లిందా, గింజ రాలుద్ది, రంగు పోద్ది. ఆ సరుకు మిర్చి యార్డులో ఎవడూ ముట్టుకోడు." షూటింగు పెట్టుకున్న రోజున ఆయనకి గుంటూరు యార్డులో పని పడింది. కాపలాకి ఖుర్షిదాని పెట్టి వెళ్ళాడు. "అమ్మాయ్, వాళ్ళ కాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచు" అన్నాడు. ఆ మర్నాడే కాయ మొత్తం బస్తాలకెత్తాలి. అంటే షూటింగుకి ఉన్నది ఆ ఒక్క రోజే.

ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. అరుపులూ కేకలూ రికార్డయిపోతున్నాయని గోపాలకృష్ణ చేతులు జోడించి మరీ అందరినీ కాలవ కట్ట అవతలికి పంపించాడు. అక్కడి నుంచి చూస్తే మనుషులు చీమల్లా కనిపిస్తారు. తొడిమల ముఠా కూడా అక్కడే ఉండిపోయింది. ముఠాలో ఖుర్షిదాకి జోడీ అయిన వెంకాయమ్మ వెళ్తూ వెళ్తూ, "కుజుడంటే పెళ్ళిళ్ళు చెడగొట్టేవాడే కదటే? ఆయన్ని మన కల్లంలోకి తెచ్చుకోవడమేందే తల్లీ!" అని బుగ్గ నొక్కుకుంది. కల్లం దగ్గర షూటింగు వాళ్ళు కాకుండా మిగిలింది ఖుర్షిదా ఒక్కతే.

ఇక ఆ రాకెట్టు మనిషి వేషం చూడాలి. వెండి రంగు గుడ్డతో కుట్టిన పెద్ద తొడుగు. నెత్తిన ఫైబర్ బుర్ర. దాని ముందు నల్లటి అద్దం. ఊపిరికి అద్దం మసకేస్తోందని బుర్ర వెనక ఒక చిన్న ఫ్యాను పెట్టారు, బయటి గాలిని లోపలికి లాగడానికి. హైదరాబాదులో ఆ ఫ్యాను బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ ఇక్కడ అది లాగుతున్నది మిట్టమధ్యాహ్నం ఎండుమిరప కల్లం మీది గాలి.

వ్యోమగామి వేషం అనూష అనే అమ్మాయిది. ఉత్సాహంగానే కల్లంలో అడుగుపెట్టింది. నాలుగడుగులు వేసిందో లేదో, బుర్ర లోపలి నుంచి తుమ్ము వినబడింది. తర్వాత ఇంకోటి. ఆ తర్వాత తుమ్ములూ దగ్గులూ అన్నీ కలిసి ఒకటే మోత. బుర్ర ఊడదీసేసరికి పిల్ల కళ్ళు అక్కడి కాయలకన్నా ఎర్రగా ఉన్నాయి. ఖుర్షిదా పరిగెత్తి, "అయ్యో నా తల్లీ, కళ్ళు నలపమాక, నలపమాక" అంటూ కుండలో నీళ్ళతో మొహం కడిగింది. కాసేపాగి మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ అదే కథ. ఫ్యాను ఆపితే అద్దం మసక, తిప్పితే తుమ్ములు. దుస్తులు చూసుకునే మనిషి, "నేను వేసుకుంటాను సార్" అని ముందుకొచ్చాడు. అతగాడు రెండో అడుగులోనే బుర్ర పీకేసి పంపుసెట్టు వైపు పరిగెత్తాడు.

పొద్దు వాలుతోంది. గోపాలకృష్ణ కుర్చీలో తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ సమయంలో ఖుర్షిదా అదే కల్లం నడిమధ్యన, అదే ఘాటులో నిలబడి, మూకుడంత నోరు తెరిచి హాయిగా ఆవలించింది. వ్యానులో కూర్చుని మొహానికి తడిగుడ్డ వేసుకున్న అనూష కంట్లో ఆ ఆవలింత పడింది.

"సార్, ఆ అక్కకి ఏమీ కావట్లేదు చూడండి. ఆవిడకి వేసేయండి సూటు. అద్దం నల్లగా ఉంటుంది కదా, లోపలెవరున్నారో ఎవరికి తెలుస్తుంది?"

ఖుర్షిదా జీవితంలో నోట మాట రాకపోవడం అదే మొదలు. అనూషే చెయ్యి పట్టుకుని వ్యానులోకి లాక్కుపోయింది. చీర విప్పి మడతపెట్టి సీటు మీద ఉంచి, తొడుగులోకి కాళ్ళు దూర్చి, జిప్పులు లాగి, బుర్ర బిగించింది. బయటికి వచ్చింది ఖుర్షిదా అని ఆమెని కన్న తల్లి కూడా చెప్పలేదు.

"అమ్మా, అక్కడ మనిషి బరువు బాగా తగ్గిపోతుంది. దూదిపింజలాగా తేలాలి. కాలు ఎత్తి ఎత్తి, ఇలా గెంతుతూ నడవాలి" అని గోపాలకృష్ణ గెంతి చూపించాడు.

ఆమె కల్లంలోకి దిగింది. ఆయన "యాక్షన్" అన్నాడు. ఆమె నడిచింది. కాలు నేల విడిస్తేగా! మిరప కల్లంలో నడక అందరికీ వచ్చేది కాదు. పాదం ఎత్తకూడదు. కాయల అడుగు నుంచి మెల్లిగా దూర్చి, వాటిని పక్కకి తోస్తూ ఈడ్చుకుపోవాలి. అలా నడిస్తే కాయ చిట్లదు, కింది కాయ పైకి తిరుగుతుంది కూడా. పరికిణీ కట్టిన నాటి నుంచి ఖుర్షిదా నడిచింది అలాగే.

"కట్! గెంతాలమ్మా, గెంతాలి!"

మళ్ళీ నడిచింది. మళ్ళీ ఈడ్పే. మూడోసారి పాపం మనస్ఫూర్తిగానే కాలు ఎత్తింది. ఎత్తిన కాలు దించలేక కొంగలాగా ఒంటికాలి మీద నిలబడిపోయింది.

"దించమ్మా!"

"కాయ చిట్లుద్దండీ."

"చిట్లితే చిట్లనీ! రోశయ్యగారితో నేను మాట్లాడతాను కదా!"

"ఆయనతో మీరు మాట్లాడతారు సరే," అంది బుర్రలోంచి ఖుర్షిదా గొంతు. "నా కాలితో ఎవరు మాట్లాడతారండీ? అది నా మాట కూడా వినట్లా."

కెమెరామన్ పకాలుమన్నాడు. గోపాలకృష్ణకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సూర్యుడు చెట్ల నెత్తి మీదికి దిగాడు. "నీ ఇష్టం తల్లీ. ఎలా వస్తే అలాగే నడువు. ఆ చివరి దాకా పోయి జెండా పాతి రా" అన్నాడు. తర్వాత ఎవరడిగినా, అంగారకుడి మీద నడక అలాగే ఉండాలని తను ముందే అనుకున్నానని చెప్పేవాడట. చెప్పుకోనీండి, డైరెక్టర్లు అలాంటివాళ్ళే.

ఖుర్షిదా నడిచింది. నల్లటి అద్దంలోంచి చూస్తే ఎరుపు ముదిరి, కాగిన ఇనుములా కనిపిస్తోంది. దూరం పోయేకొద్దీ బయటి చప్పుడు ఒక్కటీ వినబడటం లేదు. తన ఊపిరి, ఆ ఫ్యాను రొద, అంతే. ఎన్నేళ్ళుగానో నడుం వంచి పనిచేసిన కల్లమే అది. అయినా ఆ క్షణంలో అది రోశయ్య కల్లంలా లేదు. మనిషి పుట్టుక పుట్టినవాళ్ళెవరూ కాలు పెట్టని నేల మీద, మొట్టమొదట తను, దూదేకుల ఆదాం పెళ్ళాం, నడుస్తోంది. చివరి దాకా పోయి, జెండా పాతి, వెనక్కి తిరిగి చూసుకుంటే, ఎర్రటి నేల మీద తను నడిచిన దారి నాగలి చాలులా సూటిగా కనిపించింది. గోపాలకృష్ణ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. అనూష ఎర్రటి కళ్ళతోనే ఈల వేసింది.

వ్యాను వెళ్ళిపోయింది. జనం కాలవ కట్ట దిగి వచ్చేసరికి ఖుర్షిదా మళ్ళీ చీరలోనే ఉంది.

"ఒసే, ఆ చివరి దాకా నడిచింది నేనేనే!" అంది.

వెంకాయమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "లారీ అంత చేప కన్ను కొట్టింది కూడా నీకేగా! నువ్వు అరచేతిలో వైకుంఠం చూపించే దానివే, మాకు తెలీదా?" ముఠా అంతా నవ్వింది. ఖుర్షిదా ఒట్టేసింది. ఆమె ఒట్లు కూడా వాళ్ళకి కొత్త కాదు. గుంటూరు నుంచి వచ్చిన రోశయ్య కాయలన్నీ చూసుకుని, "అంచున నాలుగు కాయలు తప్ప ఒక్కటి కూడా చిట్లలేదు. భేష్, బాగా కాపలా కాశావమ్మాయ్" అన్నాడు. "కాపలా కాదండీ, నడిచాను" అంటే, "సరే సరే" అంటూ వెళ్ళిపోయాడు.

అదంతా ఒక ఎత్తు, ఇంట్లో జరిగింది ఒక ఎత్తు. ఊళ్ళు తిరిగి వచ్చిన ఆదాంకి పూసగుచ్చినట్టు చెప్పింది. అంతా విని ఆయన, "సరేలే, అన్నం పెట్టు" అన్నాడు. ఎన్ని కోతలు కోసినా ఏనాడూ ఎదురు చెప్పని మనిషి, ఏనాడూ నమ్మని మనిషి కూడా అని ఆమెకి అప్పుడే తెలిసింది. కంచం ముందు పెట్టి అటు తిరిగి కూర్చుంది. ఊరు నవ్వితే ఆమెకి లెక్కలేదు, జీవితమంతా నవ్వించింది కనక. ఆ 'సరేలే' మాత్రం గుండెల్లో ముల్లులా దిగింది.

ఆ తర్వాత కల్లంలో కబుర్లు ఆగిపోయాయి. ఎవరైనా కదిలిస్తే, "టీవీలో వస్తది. అప్పుడు చూడండి" అనేది, అంతే. పైకి అలా అంటోంది గానీ లోపల ఒకటే గుబులు. అద్దం నల్లటిది. మొహం కనబడదు. పేరు అనూషదే పడుతుంది. టీవీలో వచ్చాక కూడా నమ్మకపోతే ఇక జన్మలో నమ్మరు. చచ్చేదాకా 'అంగారకుడి ఖుర్షిదా' అని ఎగతాళి చేస్తారు. ఆదాం మళ్ళీ 'సరేలే' అంటాడు.

ఏప్రిల్ చివరి ఆదివారం. రోశయ్య ఇంట్లో కలర్ టీవీ ముందు ఊరు సగం కూర్చుంది. మిగిలిన సగం కిటికీల దగ్గర. ఆదాం గుమ్మం పక్కన గోడకి చేరగిలబడ్డాడు. ఖుర్షిదా అందరికన్నా ముందు, వెంకాయమ్మ పక్కన కూర్చుంది. పేర్లు పడ్డాయి. 'వ్యోమగామి: అనూష' అని రాగానే నలుగురు కిసుక్కుమన్నారు.

రాకెట్టు దిగింది. తలుపు తెరుచుకుంది. ఎర్రటి లోకం. అది తమ కల్లమని తెలిసినవాళ్ళు కూడా ముందుకి వంగి చూశారు. వెండి మనిషి దిగి నడవసాగింది, కాళ్ళు ఈడ్చుకుంటూ, వెనక చాలు తీసుకుంటూ.

"చూడండే! ఆ అడుగు చూడండే!" అని ఖుర్షిదా లేచి నిలబడింది. "కల్లం నడక కాదటే అది?"

"కల్లం నడకే," అంది వెంకాయమ్మ. "కల్లంలో తీశారు గదా. మనల్ని చూసి నేర్చుకుంది ఆ పిల్ల. యాక్టర్లంటే ఏమనుకున్నావ్, ఒక్కసారి చూస్తే పట్టేస్తారు. కూర్చో, వెనకోళ్ళకి అడ్డం."

ఖుర్షిదా కూర్చుంది. ఉన్న ఒక్క ఆసరా కూడా పోయింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే తెర వైపు చూడలేక తల దించుకుంది.

తెర మీద వెండి మనిషి జెండా దాకా వెళ్తోంది. కాయ దట్టంగా పోసిన చోట నడక కాస్త నెమ్మదించింది. అప్పుడు ఆ మనిషి ఎడం చెయ్యి కిందికి దిగింది. మోకాలి మీద రెండు వేళ్ళతో ఏదో పట్టుకుని, కొద్దిగా పైకెత్తింది. రెండడుగులు వేసింది. వదిలింది. మళ్ళీ దట్టంగా వచ్చిన చోట మళ్ళీ పట్టి ఎత్తింది. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. నున్నటి వెండి గుడ్డ తప్ప.

వెంకాయమ్మ నోరు తెరుచుకుంది.

"ఒసే... కుచ్చిళ్ళే!"

"ఏందీ?" అన్నాడు రోశయ్య.

"కుచ్చిళ్ళండీ! కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంటోంది! చీర కట్టుకోని పిల్లకి కుచ్చిళ్ళు ఎక్కడివండీ?" వెంకాయమ్మ గొంతు పెంకులు ఎగిరిపోయేలా లేచింది. "అదీ ఎడం చేత్తో! మనమంతా కుడిచేత్తో పడతాం. ఎడం చేత్తో పట్టేది ఈ ఎడంచేతి వాటం మనిషి ఒక్కతే! ఒసే ఖుర్షిదా, నువ్వేనే! అది నువ్వేనే!"

ఖుర్షిదా తల ఎత్తి చూసింది. నిజమే. చెయ్యి అలా దిగిందని ఆమెకే తెలియదు. డైరెక్టరూ చూడలేదు, కెమెరా పట్టుకున్నవాడూ చూడలేదు. చూసినా వాళ్ళకి అర్థం కాదు. తూర్పుపాలెం ఆడవాళ్ళకి మాత్రం అది పేరు పిలిచి చెప్పినంత స్పష్టంగా ఉంది. ఒకరి మీద ఒకరు పడి, "అదుగో మళ్ళీ! అదుగో మళ్ళీ!" అని అరుస్తున్నారు. వెండి మనిషి జెండా పాతేసరికి రోశయ్య ఇల్లు చప్పట్లతో దద్దరిల్లింది. వెంకాయమ్మ ఖుర్షిదాని పట్టుకుని రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. కిటికీల దగ్గరివాళ్ళు ఆమెని చూడ్డానికి గదిలోకి తోసుకొచ్చారు. రోజూ చూసే మొహమే అయినా, ఆ వేళ అందరికీ మళ్ళీ చూడాలనిపించింది.

ఆ గోలలో ఆదాం గోడ దగ్గర నుంచి లేచాడు. జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చి, పెళ్ళాం పక్కన నిలబడ్డాడు. ఆయన మాట్లాడబోతున్నాడని తెలిసి గదంతా సద్దుమణిగింది.

"నేను కూడా నమ్మలేదర్రా," అన్నాడు. "నాతో చెప్పింది. నమ్మలేదు. తప్పు నాదే." ఆమె వైపు తిరిగాడు. "ఇంటికి పోదాం పద. మళ్ళీ చెబుదువుగాని. మొదట్నించి చెప్పు."

ఖుర్షిదా అందరి ముందే బావురుమని ఏడ్చింది. అంత ఆనందంగా ఆమె ఏనాడూ ఏడవలేదు.

మర్నాడు తొడిమల దగ్గర ముఠా అంతా ఆమె చుట్టూ మూగింది. పక్క ఊరి నుంచి కొత్తగా వచ్చిన రెబ్కా అనే పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని, "అక్కా, అంగారకుడి మీద ఎట్టుంటదక్కా? ఏం చూశావ్?" అని అడిగింది. వెంకాయమ్మ సర్దుకు కూర్చుంది. ఇప్పుడు ఖుర్షిదా రాక్షసుల్ని దింపినా, రెండు తలల పాముల్ని దింపినా, నమ్మడానికి ఊరు సిద్ధంగా ఉంది.

ఖుర్షిదా చేతిలోని కాయకి తొడిమ తీసి పక్కన వేసింది.

"అంతా ఎర్రగా ఉంటదమ్మాయ్," అంది. "ఎవరూ ఉండరు. చప్పుడుండదు. నేను నడిచాను."

అంతకు మించి ఒక్క ముక్క కలపలేదు. ఇంకొకరు అడిగితే మళ్ళీ అంతే చెప్పింది. ముఠా మొత్తం చేతుల్లో పని మర్చిపోయి విన్నది.